ఫైర్ ప్రొఫైల్‌లో ఎలిమెంట్ నిర్వచనం: మిన్ 1, మస్ట్ సపోర్ట్, ఫిక్స్‌డ్... ఏది ఎక్కడ వాడాలి?

ల్యాబ్‌లింక్

అందరికీ నమస్కారం. ల్యాబ్ రిజల్ట్‌ల కోసం ఫైర్ (ఆరోగ్య డేటా ఇచ్చిపుచ్చుకునే హెచ్‌ఎల్7 ప్రమాణం) ఆర్4 వెర్షన్‌లోని అబ్జర్వేషన్ (పరీక్ష ఫలితాన్ని పట్టే రిసోర్స్, అంటే రికార్డు రకం) మీద ఒక ప్రొఫైల్ (మూల నిర్వచనం మీద మనం బిగించే నియమాలు) రాస్తున్నాం. ముందుగా హిమోగ్లోబిన్ తీసుకున్నాం (ల్యాబ్ పరీక్షలకు కోడ్‌లిచ్చే లాయింక్‌లో 718-7). డిఫరెన్షియల్‌లో (మూలానికి మేం చేసిన మార్పుల్లో) ఇప్పటికి ఉన్నవి ఇవి:

కోడ్ – ఫిక్స్‌డ్ కోడబుల్ కాన్సెప్ట్ (కోడింగ్‌ల లిస్టు, టెక్స్ట్ పట్టే టైప్). సిస్టమ్ లాయింక్, కోడ్ 718-7.
వాల్యూ – మిన్ 1 (కనీసం ఒకటి ఉండాలి), టైప్ క్వాంటిటీ (అంకె, యూనిట్ కలిసినది) ఒక్కటే.
వాల్యూ లోపలి యూనిట్ – ఫిక్స్‌డ్ స్ట్రింగ్.
సబ్జెక్ట్ (రిజల్ట్ ఎవరిది) – మిన్ 1.
ఎఫెక్టివ్ (రక్తం తీసిన సమయం) – మస్ట్ సపోర్ట్ ట్రూ.

మూడు ప్రశ్నలున్నాయి. కోడింగ్‌లో డిస్‌ప్లే (కోడ్‌కి మనిషి చదివే పేరు) ఉన్న మెసేజ్ వస్తే వ్యాలిడేటర్ (మెసేజ్ నియమాలు పాటించిందో చూసే సాధనం) ఎర్రర్ ఇస్తోంది, ఎందుకు? శాంపిల్ గడ్డకట్టి రిజల్ట్ రాని కేసును ఎలా పంపాలి? ఎఫెక్టివ్‌కి మస్ట్ సపోర్ట్ పెట్టినా, అది లేకుండా వచ్చిన మెసేజ్ పాస్ అయిపోతోంది. ఇది వ్యాలిడేటర్ బగ్గా?

గోదారిగట్టు

మొదటి ప్రశ్నకు జవాబు: ఫిక్స్‌డ్ అంటే అచ్చంగా అదే, ఎక్కువా ఉండకూడదు, తక్కువా ఉండకూడదు. మీరిచ్చిన ఫిక్స్‌డ్ విలువలో డిస్‌ప్లే లేదు కాబట్టి మెసేజ్‌లోనూ ఉండకూడదు. టెక్స్ట్ వచ్చినా, కోడింగ్‌లో వెర్షన్ వచ్చినా, పక్కన మీ ల్యాబ్ లోకల్ కోడ్‌తో రెండో కోడింగ్ వచ్చినా ఎర్రరే. కోడింగ్‌కీ కోడబుల్ కాన్సెప్ట్‌కీ ఫిక్స్‌డ్ వాడొద్దని స్పెక్‌లోనే (ఫైర్ ప్రమాణ పత్రంలో) సలహా ఉంది.

మీకు కావాల్సింది ప్యాటర్న్. అందులో ఇచ్చినవి మెసేజ్‌లో ఉంటే చాలు, అదనంగా ఏమున్నా పర్వాలేదు. కోడింగ్ లాంటి లిస్టుల్లో కనీసం ఒక్కటి ప్యాటర్న్‌తో కలిస్తే సరిపోతుంది. అంటే లాయింక్ కోడ్, లోకల్ కోడ్ రెండూ పక్కపక్కనే పంపవచ్చు. పంపించండి కూడా. అవతల ఎవరైనా మ్యాపింగ్ తప్పయిందని అనుమానపడితే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఆ లోకల్ కోడే ఆధారం.

ఇంకొకటి. ఫిక్స్‌డ్ అయినా ప్యాటర్న్ అయినా ఎలిమెంట్‌ను తప్పనిసరి చేయవు. "ఉంటే ఇలాగే ఉండాలి" అనడం వరకే వాటి పని. అబ్జర్వేషన్ కోడ్ మూలంలోనే 1..1 (తప్పక ఉండాలి, ఒక్కటే) కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. ఐచ్ఛికమైన ఎలిమెంట్‌కి ప్యాటర్న్ పెట్టేటప్పుడు మాత్రం మిన్ విడిగా చూసుకోవాలి.

ఓరుగల్లు_డెవ్

మూడోది బగ్ కాదు. మస్ట్ సపోర్ట్‌కి స్పెక్ సొంతంగా ఏ అర్థమూ ఇవ్వదు. దాన్ని వాడే ఇంప్లిమెంటేషన్ గైడే (ప్రొఫైళ్లు ఎలా వాడాలో చెప్పే పత్రం) అర్థం రాసుకోవాలి. అమెరికాలో వాడే యూఎస్ కోర్ గైడ్‌లో స్థూలంగా ఇలా ఉంటుంది: పంపేవాళ్ల దగ్గర ఆ విలువ ఉంటే దాన్ని నింపి పంపగలగాలి, అందుకునేవాళ్లు ఎర్రర్ రాకుండా దాన్ని ప్రాసెస్ చేయగలగాలి. మీ గైడ్‌లో ఈ పేరా లేకపోతే మీ మస్ట్ సపోర్ట్ జెండాలకు అర్థమే లేదు. ఒక్కో వెండర్ ఒక్కోలా చదువుకుంటాడు.

"లేకపోతే తప్పు" అని చెప్పేది మిన్. మస్ట్ సపోర్ట్ సిస్టమ్ సామర్థ్యం గురించి చెప్తుంది. ఒక్క మెసేజ్‌ను చూసి ఆ సామర్థ్యం ఉందో లేదో ఏ వ్యాలిడేటరూ చెప్పలేదు. అన్ని విలువలూ నింపిన టెస్ట్ పేషెంట్‌ను వాళ్ల సిస్టమ్‌లో ఎక్కించి, బయటికి వచ్చిన మెసేజ్‌లో ఎన్ని మిగిలాయో చూడడమే దారి.

ల్యాబ్ రిజల్ట్‌కి సమయం లేకపోతే డాక్టర్ దాన్ని ట్రెండ్‌లో ఎక్కడ పెట్టుకుంటారు? ఎఫెక్టివ్‌కి మిన్ 1 పెట్టండి. మస్ట్ సపోర్ట్ కూడా ఉంచండి. రెండూ కలిసి ఉండొచ్చు.

మెడ్‌కోడర్

రెండో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. వాల్యూకి మిన్ 1 తీసేయండి.

అబ్జర్వేషన్‌లో డేటా ఆబ్సెంట్ రీజన్ (విలువ లేకపోవడానికి కారణం) అనే ఎలిమెంట్ ఉంది. వాల్యూ ఉంటే అది ఉండకూడదని మూల నిర్వచనంలోనే కన్‌స్ట్రెయింట్ (నిబంధన) ఉంది (దాని కీ, అంటే గుర్తింపు పేరు, ఓబీఎస్-6). మీరు వాల్యూను తప్పనిసరి చేస్తే "రిజల్ట్ రాలేదు, కారణం ఇది" అని సరిగ్గా చెప్పే దారి మూసేసినట్టే. అప్పుడు ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏం చేస్తారంటే వాల్యూలో 0 పెట్టి పంపుతారు. వ్యాలిడేటర్ పాస్ చేస్తుంది. వార్డులో స్క్రీన్ మీద హిమోగ్లోబిన్ 0 అని పడుతుంది. నిబంధన మరీ బిగిస్తే అబద్ధపు డేటా వస్తుంది. ప్రొఫైల్ రాసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకునే మిన్ ముట్టుకోవాలి.

బదులుగా కన్‌స్ట్రెయింట్ రాయండి: వాల్యూ అయినా ఉండాలి, డేటా ఆబ్సెంట్ రీజన్ అయినా ఉండాలి. ఫైర్‌లోని వైటల్ సైన్స్ (బీపీ, నాడి లాంటి కొలతల) ప్రొఫైల్ చేసేది ఇలాంటి పనే. గడ్డకట్టిన రక్తానికి రీజన్ కోడ్ "నాట్ పెర్ఫార్మ్‌డ్" ఇచ్చి, వివరం టెక్స్ట్‌లో రాయండి. శాంపిల్ పరిస్థితి అసలు చోటు స్పెసిమెన్ రిసోర్స్‌లోని కండిషన్. దాని కోడ్‌లు హెచ్‌ఎల్7 వీ2 (ఫైర్‌కి ముందటి మెసేజ్ ప్రమాణం) టేబుల్ 0493 నుంచి వస్తాయి, గడ్డకట్టినదానికీ హీమోలైజ్ అయినదానికీ (ఎర్రకణాలు పగిలినది) వేర్వేరు కోడ్‌లున్నాయి.

యూనిట్ మీద కూడా ఒక మాట. క్వాంటిటీలో యూనిట్ అనేది మనిషి చదువుకునే అక్షరాలు. మెషీన్ చదివేది సిస్టమ్, కోడ్. ఒక ల్యాబ్ పెద్ద జీ రాస్తుంది, ఇంకొకటి "గ్రా%" అని రాస్తుంది. వాటిని వదిలేసి యూకమ్ (యూనిట్లకు కోడ్‌లిచ్చే పట్టిక) సిస్టమ్, దాని కోడ్ రెంటినీ ప్యాటర్న్‌లో పెట్టండి. క్వాంటిటీ లోపలి సంఖ్యకు మాత్రం మిన్ 1 ఇవ్వండి. క్వాంటిటీ అంటూ వస్తే అంకె ఉండి తీరాలి.

ల్యాబ్‌లింక్

ధన్యవాదాలు అండీ, చాలా స్పష్టంగా ఉంది. మెడ్‌కోడర్ గారూ, ఆ కన్‌స్ట్రెయింట్‌ను వాల్యూ ఎలిమెంట్ మీదే రాశాను. రెండూ లేని మెసేజ్ పంపితే ఎర్రర్ రావడం లేదు. ఎక్స్‌ప్రెషన్‌లో వాల్యూక్వాంటిటీ అని రాశాను, దానివల్లా?

మెడ్‌కోడర్

రెండు కారణాలూ ఉన్నాయి.

కన్‌స్ట్రెయింట్ ఏ ఎలిమెంట్ మీద ఉంటే, ఆ ఎలిమెంట్ మెసేజ్‌లో ఉన్నప్పుడే నడుస్తుంది. వాల్యూ లేదంటే దాని మీది కన్‌స్ట్రెయింట్ అసలు నడవదు. ఒకటి లేకపోవడాన్ని పట్టుకోవాలంటే దాని తల్లి ఎలిమెంట్ మీద రాయాలి. ఇక్కడ అబ్జర్వేషన్ రూట్ మీద.

ఎక్స్‌ప్రెషన్‌లో పేరు ఒట్టి వాల్యూ. జేసన్‌లో (మెసేజ్ రాసే ఫార్మాట్) వాల్యూక్వాంటిటీ అని కనిపిస్తుంది గానీ ఫైర్‌పాత్‌లో (ఎక్స్‌ప్రెషన్లు రాసే భాష) ఎంపిక టైప్ ఎలిమెంట్‌ను (పలు టైపుల్లో ఏదో ఒకటి పట్టేది) మూలపు పేరుతోనే పిలవాలి. టైప్ కూడా చూడాలనుకుంటే ఆఫ్‌టైప్ ఫంక్షన్ ఉంది.

కీ మీ ప్రొఫైల్‌కి ప్రత్యేకంగా ఉండాలి, మూలంలో ఉన్న కీలను మళ్లీ వాడొద్దు. హ్యూమన్ అనే ఫీల్డ్‌లో పూర్తి వాక్యం రాయండి. ఎర్రర్ వచ్చినప్పుడు అవతలి ప్రోగ్రామర్‌కి కనిపించేది ఆ వాక్యమే. "నియమం పాటించలేదు" అని రాస్తే మీకే ఫోన్ వస్తుంది. "రిజల్ట్ విలువ లేదు, లేకపోవడానికి కారణమూ లేదు" అని రాస్తే వాళ్లే సరిచేసుకుంటారు.

కడప_ఎక్స్‌ఎంఎల్

మిన్ 1 గురించి ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ఫైర్‌లో ఎలిమెంట్ ఉంది అంటే విలువ ఉంది అని కాదు. పుట్టిన తేదీకి మిన్ 1 పెట్టారనుకోండి. జేసన్‌లో ఆ పేరు ముందు _ గీత పెట్టి, లోపల డేటా ఆబ్సెంట్ రీజన్ ఎక్స్‌టెన్షన్ (అదనపు సమాచారం చేర్చే చోటు) ఒక్కటే పంపినా మిన్ 1 నిండినట్టే. ఎలిమెంట్‌కి విలువైనా, లోపల పిల్లలైనా ఉంటే చాలు అన్నది మూల నియమం.

విలువే కావాలంటే ఆర్4లో హ్యాజ్‌వాల్యూ ఫంక్షన్‌తో కన్‌స్ట్రెయింట్ రాయాలి. 2023 మార్చిలో వచ్చిన ఆర్5లో దీనికోసమే ఎలిమెంట్ డెఫినిషన్‌లో (ఒక్కో ఎలిమెంట్ నియమాలు రాసే చోట) మస్ట్ హ్యావ్ వాల్యూ అని కొత్త గుణం చేర్చారు. అయితే ఆ ఎక్స్‌టెన్షన్ దారి చాలాసార్లు మంచిదే. తెలియదని నిజాయితీగా చెప్పనివ్వండి.

తుంగభద్ర

మా వైపు ఎనలైజర్ల నుంచి ఇంకా వీ2 మెసేజ్‌లే వస్తాయి. అక్కడ ప్రతి ఫీల్డ్‌కి పట్టికలో పొడవు, డేటా టైప్, తప్పనిసరా కాదా, పునరావృతం, టేబుల్ నంబర్ ఉంటాయి. ఫైర్ ఎలిమెంట్ డెఫినిషన్ గుణాలు నేర్చుకునేవాళ్లు ఆ పట్టికను పక్కన పెట్టుకుంటే సగం పని సులువవుతుంది.

ఒక్క చోట జాగ్రత్త. వీ2లో ఫీల్డ్ ఖాళీగా వస్తే "దీని గురించి నేనేమీ చెప్పడం లేదు" అని అర్థం. రెండు కొటేషన్ గుర్తులు "" వస్తే "పాత విలువ చెరిపేయండి" అని. ఫైర్‌లో ఈ తేడా ఎలిమెంట్ స్థాయిలో లేదు. పుట్‌తో (సర్వర్‌లో రికార్డు మార్చే ఆదేశం) రిసోర్స్ పంపితే మొత్తం మారిపోతుంది, పంపని ఎలిమెంట్ పోయినట్టే. కన్వర్టర్ రాసేటప్పుడు ఖాళీ ఫీల్డ్ ఉన్నప్పుడు పాత రిసోర్స్ చదివి కలపాలి. లేదంటే ఎవరూ చెరపమనని ఫోన్ నంబర్ చెరిగిపోతుంది.

స్టేటస్‌కి: ఓబీఎక్స్-11లో (వీ2 రిజల్ట్ లైన్‌లో 11వ ఫీల్డ్) ఎఫ్ వస్తే ఫైనల్, పీ ప్రిలిమినరీ, సీ కరెక్టెడ్, ఎక్స్ వస్తే క్యాన్సిల్డ్, డబ్ల్యూ వస్తే ఎంటర్డ్ ఇన్ ఎర్రర్. ఎక్స్ వచ్చినప్పుడు ఓబీఎక్స్-5లో (రిజల్ట్ విలువ ఉండే ఫీల్డ్) ఏదో కామెంట్ ఉంటుంది. దాన్ని వాల్యూస్ట్రింగ్‌లోకి తోయకుండా పైన చెప్పిన రీజన్ టెక్స్ట్‌లోకి మళ్లించండి.

ఓరుగల్లు_డెవ్

తుంగభద్ర అన్నా, స్టేటస్ మాట వచ్చింది కాబట్టి: అది ఈజ్ మాడిఫయర్ ఉన్న ఎలిమెంట్. ఎంటర్డ్ ఇన్ ఎర్రర్ అని వస్తే మిగతా రిసోర్స్ అర్థమే మారిపోతుంది, అందుకని. మామూలు ఎలిమెంట్‌ను ప్రొఫైల్‌లో మాడిఫయర్‌గా మార్చడం కుదరదు. కొత్త అర్థం కావాలంటే మాడిఫయర్ ఎక్స్‌టెన్షన్ నిర్వచించాలి, ఎందుకో కారణం కూడా రాయాలి. మీనింగ్ వెన్ మిస్సింగ్ (ఎలిమెంట్ రాకపోతే ఏమనుకోవాలో చెప్పేది) కూడా అంతే. రిసోర్స్, డేటా టైప్, ఎక్స్‌టెన్షన్ నిర్వచనాల్లోనే దానికి చోటు, ప్రొఫైల్‌లో లేదు. "ఇది రాకపోతే నెగటివ్ అనుకోండి" అని ప్రొఫైల్ డాక్యుమెంట్‌లో రాసేవాళ్లు ఉంటారు. ఆ ప్రొఫైల్ చదవని సిస్టమ్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

నల్లమల

ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబర్ కోసం పేషెంట్ ఐడెంటిఫయర్‌ను స్లైస్ చేయాలి (లిస్టులో ఒక రకాన్ని విడదీసి దానికి వేరే నియమాలు పెట్టాలి). డిస్క్రిమినేటర్ (ఏది ఏ స్లైస్‌దో తేల్చేది) టైప్ వాల్యూ, పాత్ సిస్టమ్ అని పెట్టాను. రూల్స్ ఓపెన్ (స్లైస్‌లకు చెందనివీ ఒప్పుకునేలా) పెట్టాలా, క్లోజ్డ్ పెట్టాలా?

గోదారిగట్టు

ఓపెన్. క్లోజ్డ్ పెడితే ఆసుపత్రి సొంత ఎంఆర్ (మెడికల్ రికార్డ్) నంబర్ ఉన్న ప్రతి పేషెంట్ రికార్డూ తిరిగొస్తుంది. ఆభా ఐచ్ఛికం కాబట్టి స్లైస్ మిన్ 0, మ్యాక్స్ 1. స్లైస్ లోపల సిస్టమ్‌కీ వాల్యూకీ మిన్ 1.

ఓపెన్‌తో వచ్చే చిక్కు ముందే తెలుసుకోండి. సిస్టమ్ యూఆర్ఐ చివర ఒక / ఎక్కువ పడిందనుకోండి, ఆ ఐడెంటిఫయర్ మీ స్లైస్‌లోకి రాదు, "మిగతావి" లోకి వెళ్లిపోతుంది. స్లైస్ మీద రాసిన ఏ నియమమూ దాన్ని తాకదు. ఎర్రర్ ఉండదు, ఆభా కూడా దొరకదు. దీన్ని పట్టుకోవడానికి పేషెంట్ రూట్ మీద వార్నింగ్ స్థాయి కన్‌స్ట్రెయింట్ ఒకటి రాయండి: 14 అంకెల విలువ ఉండి సిస్టమ్ వేరేగా ఉంటే చెప్పమని.

నంబర్ ఆకారానికి మ్యాచెస్ ఫంక్షన్ వాడేటప్పుడు మొదట ^, చివర $ తప్పనిసరి. లేకపోతే 20 అంకెల విలువలో ఏదో ఒక చోట 14 అంకెలు దొరికినా పాస్ అంటుంది. హైఫన్‌లతో 2-4-4-4గా నిల్వ చేయాలా, ఒట్టి 14 అంకెలా అన్నది ఒకటే తేల్చి డెఫినిషన్‌లో రాయండి. రెండూ ఒప్పుకుంటే ఒకే మనిషికి రెండు రికార్డులు పుడతాయి. వాల్యూ స్ట్రింగే, ఎక్కడా నంబర్‌గా మార్చొద్దు.

ఇంకో విషయం. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలవాలంటే మూల ఫైర్ పేషెంట్ నుంచి కాకుండా, పుణె సీ-డాక్‌లోని ఎన్ఆర్‌సీఈఎస్ (ఆరోగ్య రికార్డుల ప్రమాణాల జాతీయ కేంద్రం) ప్రచురించిన ఇండియా ప్రొఫైల్ నుంచి మొదలుపెట్టండి. దాని మీద మీరు బిగించుకోవచ్చు గానీ వదులు చేయలేరు. మిన్ పెంచవచ్చు, మ్యాక్స్ తగ్గించవచ్చు. ఎగ్జాంపుల్ బైండింగ్‌ను (ఏ కోడ్‌ల జాబితా వాడాలో చెప్పేది) రిక్వైర్డ్ చేయవచ్చు, రిక్వైర్డ్‌ను వెనక్కి తేలేరు.

వేగావతి

పేషెంట్ మాట వచ్చింది కాబట్టి పేర్ల సంగతి చెప్తాను. ఫ్యామిలీకి మిన్ 1 పెట్టిన ప్రొఫైళ్లు కనిపిస్తుంటాయి. మన దగ్గర ఇంటిపేరు చాలామందికి కార్డుల్లో పొడి అక్షరమే, కొందరికి అదీ ఉండదు. మిన్ 1 పెడితే రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో చుక్క పెడతారు, లేదా అసలు పేరునే రెండుసార్లు కొడతారు. మూలంలో ఫ్యామిలీ 0..1, గివెన్ 0..*, టెక్స్ట్ 0..1. "ఈ మూడింటిలో కనీసం ఒకటి" అని నేమ్ ఎలిమెంట్ మీద కన్‌స్ట్రెయింట్ రాయండి, చాలు.

పుట్టిన తేదీ కూడా ఇలాంటిదే. ఫైర్ డేట్ టైప్ ఏడాది మాత్రమే ఉన్నా ఒప్పుకుంటుంది. పెద్దవాళ్లలో చాలామందికి సంవత్సరమే తెలుసు. 1952 అని పంపితే చాలు, జనవరి 1 అతికించకండి. తేదీల మీద ఎక్స్‌ప్రెషన్ రాస్తే మాత్రం చూసుకోండి: వేర్వేరు ఖచ్చితత్వం ఉన్న తేదీలను పోల్చినప్పుడు తేల్చలేని చోట ఫైర్‌పాత్ ట్రూ కాదు, ఫాల్స్ కాదు, ఖాళీ ఇస్తుంది.

ఎస్‌క్యూఎల్_శేషు

మ్యాక్స్ లెంగ్త్ 50 పెడితే సరిపోతుంది కదా పేరుకి? మా టేబుల్ కాలమ్ కూడా అంతే.

వేగావతి

శేషు గారూ, ఆ 50 దేన్ని లెక్కపెడుతోందో ముందు చూడండి. ఎలిమెంట్ డెఫినిషన్‌లో మ్యాక్స్ లెంగ్త్ క్యారెక్టర్లలో. డేటాబేస్ కాలమ్ బైట్లలో ఉండొచ్చు. ఒరాకిల్‌లో వర్‌చార్2(50) అంటే సెట్టింగ్ మార్చకపోతే 50 బైట్లు. తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్ గుర్తు) ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే "శ్రీ" తీసుకోండి: శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి 4 కోడ్ పాయింట్లు, 12 బైట్లు. అంటే 50 బైట్ల కాలమ్‌లో 16 కోడ్ పాయింట్లకు మించి పట్టవు. వేంకటసుబ్రహ్మణ్యం అన్న పేరుకి 17 కోడ్ పాయింట్లు కావాలి, చివరి సున్న పట్టదు. పట్టినంత మేరకు కత్తిరించి పెడితే పేరు తెగిపోతుంది, అదీ పొల్లు దగ్గర తెగితే వేరే అక్షరంగా మారి కనిపిస్తుంది.

పొడవు సరిచూసుకున్నాక పోలిక చూడండి. ఐత్వం రెండు విధాలుగా రావచ్చు: ఒకే గుర్తుగా 0సీ48, లేదా ఎత్వం 0సీ46 పక్కన 0సీ56. స్క్రీన్ మీద "వైద్య" రెండూ ఒకేలా ఉంటాయి, స్ట్రింగ్ పోలికలో మాత్రం కలవవు. లోపలికి వచ్చేటప్పుడే ఎన్ఎఫ్‌సీకి (ఇలాంటి జంట రూపాలను ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) మార్చేయండి. రాజ్‌కుమార్ లాంటి పేర్లలో మధ్యన ఉండే కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను ఎన్ఎఫ్‌సీ తీయదు, వెతుకులాట ఇండెక్స్‌లో దాన్ని విడిగా వదిలేయాలి. నిల్వ చేసే విలువలో మాత్రం ఉంచండి, తీసేస్తే పేరు రాత మారిపోతుంది.

కడప_ఎక్స్‌ఎంఎల్

వేగావతి గారి పోస్ట్ మా టీమ్ అందరికీ పంపిస్తున్నాను.

డెఫినిషన్, కామెంట్ ఫీల్డ్‌ల గురించి కూడా చెప్పాలి. వాటిని ఆఖరున నింపే పనిగా చూస్తారు. ఎఫెక్టివ్‌కి "ప్రభావ సమయం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "రక్తం తీసిన సమయం. రిపోర్ట్ విడుదలైన సమయం ఇష్యూడ్‌లో ఉంటుంది. వీ2లో ఓబీఆర్-7 నుంచి తీసుకోవాలి, ఓబీఆర్-22 నుంచి కాదు" అని రాయండి. ఉదయం 7కి తీసిన శాంపిల్ రిపోర్ట్ సాయంత్రం 6కి వస్తే, ఆ 11 గంటల తేడా రోగికి రక్తం ఎక్కించక ముందా, తర్వాతా అన్నది తేలుస్తుంది.

గంటలూ నిమిషాలూ ఉన్న డేట్‌టైమ్‌కి టైమ్ జోన్ తప్పనిసరి. వీ2 నుంచి చాలావరకు అది లేకుండా వస్తుంది, +05:30 కన్వర్టరే చేర్చాలి. సర్వర్ యూటీసీలో ఉందని జెడ్ (యూటీసీ గుర్తు) అతికిస్తే ఉదయం 7 కాస్తా మధ్యాహ్నం 12:30 అవుతుంది.

ల్యాబ్‌లింక్

చాలా ఉపయోగపడింది అండీ. ఆఖరి ప్రశ్న. హిమోగ్లోబిన్‌కి మిన్ వాల్యూ 0, మ్యాక్స్ వాల్యూ 25 పెడదామా? ఇదే మూసలో తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయాలి. అందులో "<0.01" అని వస్తుంటుంది.

మెడ్‌కోడర్

మ్యాక్స్ వాల్యూ పెట్టొద్దు. దాన్ని దాటిన ప్రతి విలువా ఎర్రరే, మెసేజ్ ఆగిపోతుంది. అసాధారణమైన రిజల్టే డాక్టర్‌కి అందరికన్నా ముందు చేరాల్సింది. అనుమానం తెలపాలంటే సివియారిటీ వార్నింగ్‌తో కన్‌స్ట్రెయింట్ చాలు. మిన్ వాల్యూ 0 పర్వాలేదు, రుణ విలువ ఎటూ అర్థం లేనిదే.

టీఎస్‌హెచ్‌కి క్వాంటిటీలో కంపారేటర్ ఉంది: <, <=, >=, >. అదీ మాడిఫయరే. చదివే సిస్టమ్ దాన్ని వదిలేస్తే 0.01 కన్నా తక్కువ అన్నది 0.01గా కనిపిస్తుంది. దానికి మస్ట్ సపోర్ట్ పెట్టి, అందుకునేవాళ్లు అంకె పక్కనే చూపించాలని గైడ్‌లో రాయండి. టైప్‌ను సింపుల్ క్వాంటిటీకి కుదించొద్దు, అందులో కంపారేటర్‌కి చోటు లేదు.

అంకె ఖచ్చితత్వం కూడా టెస్ట్ చేయండి. ఫైర్‌లో 12.0, 12 ఒకటి కావు, చివరి సున్నాకి అర్థం ఉంది. జావాస్క్రిప్ట్ మామూలు జేసన్ పార్సర్ గుండా వెళ్తే ఆ సున్నా పోతుంది. జావా వైపు బిగ్ డెసిమల్ వాడితే నిలుస్తుంది.

టెస్ట్ ఫైళ్లలో పాస్ కావాల్సినవే కాదు, ఫెయిల్ కావాల్సినవీ రాయండి, ఒక్కో ఫైల్‌లో ఒక్క తప్పే ఉండేలా: రీజన్, వాల్యూ రెండూ లేనిది, రెండూ ఉన్నది, యూకమ్ కోడ్ తప్పినది, ఎఫెక్టివ్ లేనిది. మీరు అనుకున్న కీతోనే ఎర్రర్ వచ్చిందో లేదో చూడండి. వేరే కారణంతో ఫెయిలైతే మీ కన్‌స్ట్రెయింట్ ఇంకా నడవడం లేదన్నమాట. డిఫరెన్షియల్ మార్చిన ప్రతిసారీ స్నాప్‌షాట్ (మూలం, మార్పులు కలిపిన పూర్తి నిర్వచనం) మళ్లీ తయారుచేశాకే ఈ ఫైళ్లు నడపండి, పాత స్నాప్‌షాట్ మిగిలి ఉంటే వ్యాలిడేటర్ పాత నియమాలతోనే చూస్తుంది.

ల్యాబ్‌లింక్

సరేనండీ. ఫెయిల్ ఫైళ్లు రాసి, ఏ కీతో ఏ ఎర్రర్ వచ్చిందో ఇక్కడే పెడతాను.